ఎండలో కొండదారి హాఫ్ మారథాన్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వేసవిలో, ఎత్తుపల్లాల దారిలో హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) పరుగెత్తబోతున్నవారి నుంచి ఈ నెల వచ్చిన ప్రశ్నలను ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: చల్లని కాలంలో, చదును రోడ్డు మీద హాఫ్ మారథాన్‌ను కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున 2 గంటల 7 నిమిషాలలో పూర్తి చేశాను. ఇప్పుడు ఎండాకాలంలో జరిగే ఒక పందెంలో పేరు ఇచ్చాను. దారిలో మొత్తం మీద 300 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఎక్కేటప్పుడు పోయిన సమయం దిగేటప్పుడు తిరిగి వస్తుందని మిత్రులు అంటున్నారు. నేను ఎంత సమయాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలి?

సమాధానం: సమయాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దన్నదే నా సలహా. అయితే మీ మిత్రుల మాటలో సగం నిజం ఉంది కనుక కారణాన్ని కొంత వివరంగా చెప్పవలసి ఉంటుంది.

కొండపరుగులో ఆరితేరినవారిని వాలు మార్చగల ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వారి శరీరం వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. ఆ కొలతల ప్రకారం 5 శాతం వాలును, అంటే 100 మీటర్ల దూరంలో 5 మీటర్లు పెరిగే దారిని ఎక్కేటప్పుడు చదును నేల మీద కంటే సుమారు 30 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అదే వాలు దిగేటప్పుడు ఆదా అయ్యేది సుమారు 24 శాతం. మీ వేగానికి అన్వయిస్తే, ఒకే శ్రమతో ఎగువకు ఒక కిలోమీటరు 7 నిమిషాల 48 సెకన్లు, దిగువకు 4 నిమిషాల 35 సెకన్లు పడుతుంది. రెండూ కలిపి చూస్తే నష్టం అర నిమిషం కూడా లేదు. వాలు 10 శాతమైతే సంగతి వేరు. ఎగువకు దాదాపు 10 నిమిషాలు పడుతుంది. దిగువకు కాగితం మీద 3 నిమిషాల 36 సెకన్లు రావాలి గాని, ఆ వేగంతో దిగగలిగే కాళ్లు మనలో చాలామందికి లేవు. కాబట్టి 300 మీటర్లన్న మొత్తం కంటే, అది ఎంత నిటారు వాలులో, ఎన్నో కిలోమీటరు దగ్గర వస్తుందన్నది ముఖ్యం. నిర్వాహకులు ఇచ్చే ఎత్తుల పటాన్ని చూసి నిటారు వాలులన్నిటినీ గుర్తు పెట్టుకోండి.

ఇక ఎండ విషయం. పరుగులో ప్రతి కిలో శరీర బరువుకు, ప్రతి కిలోమీటరుకు దాదాపు 1 కిలో కేలరీ ఖర్చవుతుంది, అందులో మూడొంతులకు పైగా వేడిగా మారుతుంది. 60 కిలోల మనిషికి ఇది కిలోమీటరుకు సుమారు 45 కిలో కేలరీల వేడి. ఆ వేడిలో ఏమాత్రం బయటికి పోకపోతే ప్రతి కిలోమీటరుకు శరీర ఉష్ణోగ్రత దాదాపు 0.9 డిగ్రీలు పెరిగి, నాలుగో కిలోమీటరు దాటకముందే 40 డిగ్రీలకు చేరుతుంది. అలా జరగకుండా కాపాడేది ప్రధానంగా చెమట, దానిని ఆవిరి చేసే గాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఒంటి మీద నుంచి కారి నేల మీద పడిన చెమట మాత్రం దాదాపు ఏమీ తీసుకుపోదు. ఉక్కపోత రోజున పొడి ఎండలో కంటే తక్కువ ఉష్ణోగ్రత ఉన్నా పరుగు ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

కొండదారికి, ఎండకు ఉన్న లంకె ఇక్కడ తెలుస్తుంది. ఎగువ వాలులో మీ శ్రమ తగ్గదు, వేడి ఉత్పత్తి తగ్గదు, కానీ వేగం తగ్గుతుంది కాబట్టి మీ ఒంటిని తాకే గాలి తగ్గుతుంది. గాలి వెనుక నుంచి, మీ వేగంతోనే వీస్తున్నదంటే మీ చుట్టూ గాలి కదలనట్లే. అందువల్ల ఒకే శ్రమతో పరుగెత్తినా ఎక్కేటప్పుడు వేడి శరీరంలో నిలవపడుతుంది. దిగేటప్పుడు కొంత బయటికి పోతుంది. మీ మిత్రులు సమయం గురించి ఆలోచిస్తున్నారు, మీరు వేడి గురించి ఆలోచించండి.

ఎక్కే దారిలో చిన్న వాక్యం ఒకటి తడబడకుండా పలకగలిగేంత ఆయాసంతోనే వెళ్లండి. అది దాటితే నడవండి. బాగా నిటారుగా ఉన్నచోట నెమ్మదైన పరుగు కంటే చురుకైన నడకకే తక్కువ శక్తి పడుతుంది, కాబట్టి నడవడం ఓటమి కాదు, లెక్క. గుండె వేగం చూపే గడియారాన్ని పూర్తిగా నమ్మవద్దు; ఎండలో రక్తం చర్మం వైపు మళ్లడం వల్ల, చెమటతో రక్తంలోని ద్రవం తగ్గడం వల్ల అదే శ్రమకు కూడా గుండె వేగం క్రమంగా పెరుగుతూ పోతుంది. ఆయాసాన్ని ప్రధానంగా, గడియారాన్ని సాక్షిగా తీసుకోండి.

ఉదయం మొదలయ్యే పందెంలో గంట గడిచేకొద్దీ ఎండ పెరుగుతుంది కనుక చల్లగా ఉన్నప్పుడే వేగంగా పోవాలని వాదించేవారు ఉన్నారు. వారి వాదన అర్థం లేనిదేమీ కాదు. అయినా మొదటి 5 కిలోమీటర్లలో ఒంట్లో చేర్చుకున్న వేడిని, ఎండ ముదిరిన తర్వాత కొండ ఎక్కుతూ వదిలించుకోవడం దాదాపు అసాధ్యం. మొదటి మూడో వంతును మీకే విసుగు పుట్టేంత నెమ్మదిగా పరుగెత్తాలన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: ఉద్యోగం వల్ల తెల్లవారకముందే సాధన ముగిస్తున్నాను. పందెం మాత్రం ఎండ పొద్దున సాగుతుంది. పైగా నేను ఉండే చోట కొండలు లేవు. మూడు వారాల వ్యవధి ఉంది. ఏం చేయగలను?

సమాధానం: మూడు వారాలు ఎండకు అలవాటు పడడానికి చాలు, కొండకు అలవాటు పడడానికి కొంత చాలు. శరీరం ఎండకు అలవాటు పడడమంటే మనసు గట్టిపడడం కాదు, రక్తంలో, స్వేద గ్రంథులలో నిజమైన మార్పులు రావడం. మొదటి వారంలోపే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, పరిమాణం పెరుగుతుంది, అదే శ్రమకు గుండె వేగం తగ్గుతుంది. ఆ తర్వాత చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మొత్తం ప్రక్రియకు 10 నుంచి 14 రోజులు పడుతుంది.

కాబట్టి పందేనికి రెండు వారాల ముందు నుంచి, రోజూ లేదా రోజు విడిచి రోజు, ఒక గంట వేడిలో తేలికైన పరుగు పెట్టుకోండి. మొదటి రోజు 20 నుంచి 30 నిమిషాలు చాలు. వేగం సాధన, దూరం సాధన మాత్రం చల్లని వేళలోనే ఉంచండి. ఎండలో కష్టమైన సాధన చేస్తే కాళ్లకు అందవలసిన శ్రమ అందదు, అలసట మాత్రం మిగులుతుంది. ఎండ వేళకు వీలు దొరకని రోజున చల్లని వేళ పరుగు ముగించిన వెంటనే 40 డిగ్రీల వేడినీటి తొట్టెలో మెడ వరకు మునిగి అరగంట కూర్చోవడం కూడా పని చేస్తుందని ప్రయోగాలు చూపాయి. తల తిరిగినట్లు అనిపిస్తే వెంటనే, నెమ్మదిగా లేచి బయటికి రావాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని చేయవద్దు. వచ్చిన అలవాటు విరామమిస్తే మూడు, నాలుగు వారాలలో చాలావరకు పోతుంది, అందువల్ల చాలా ముందుగా చేసి ఆపడం వృథా.

కొండలు లేనివారికి మెట్లు, పొడవైన వంతెనల ఎగువ దారి, ట్రెడ్‌మిల్ ఉన్నాయి. ట్రెడ్‌మిల్‌ను 5 శాతం వాలులో పెట్టి 4 నిమిషాల చొప్పున ఐదారు సార్లు ఎక్కడం వారానికి ఒకసారి చేస్తే పిక్కలు, పిరుదుల కండరాలు సిద్ధపడతాయి. ఎక్కేటప్పుడు అంగను కుదించండి, నడుము దగ్గర వంగకుండా చీలమండల నుంచి ఒళ్లంతా కాస్త ముందుకు వాల్చండి.

ప్రశ్న: గత వేసవిలో ఒక హాఫ్ మారథాన్‌లో వాటర్ స్టేషన్ కనిపించినచోటల్లా రెండేసి కప్పుల నీళ్లు తాగాను. చివరికి తలనొప్పి, వికారం, వేళ్ల వాపు వచ్చాయి. నీళ్లు చాలలేదని ఒకరు, ఉప్పు బిళ్లలు వేసుకోవాలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: తలనొప్పి, వికారం ఒంట్లో నీరు తగ్గినప్పుడూ వస్తాయి, నీరు ఎక్కువైనప్పుడూ వస్తాయి. వేళ్లు వాచడం ఎండలో మామూలుగా కూడా జరుగుతుంది కనుక దానిని ఒక్కదానినే పట్టుకుని ఏమీ తేల్చలేము. పందేనికి ముందు, తర్వాత మీ బరువు ఎంతో తెలిసి ఉంటే సంగతి తేలిపోయేది.

చాలాకాలం ఈ విషయంలో సలహాలు రెండు చివరలకూ ఊగాయి. 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌ను మండుటెండలో, దుమ్ము లేచే కొండదారిలో నిర్వహించి, నీళ్లు లేకుండా మనిషి ఎంత తట్టుకుంటాడో చూడాలన్న ఉద్దేశంతో దారిలో నీటి వసతిని దాదాపు లేకుండా చేశారు. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మంది. ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి, దాహం వేయకముందే వీలైనంత తాగమన్న బోధన స్థిరపడింది. దాని ఫలితం 2002 బోస్టన్ మారథాన్‌లో తేలింది: రక్త పరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం (ఉప్పులో ఉండే మూలకం) ఉండవలసిన స్థాయి కంటే తక్కువగా ఉంది, అందుకు అన్నిటికంటే బలమైన సూచన పరుగు సమయంలో బరువు పెరగడం. పరుగెత్తి బరువు పెరిగారంటే పోయినదానికంటే ఎక్కువ తాగారని అర్థం. ఈ స్థితి తీవ్రమైతే మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది.

ఒకరికి సరిపోయిన కొలత మరొకరికి సరిపోదు. గంటకు అర లీటరు చెమట పట్టేవారూ ఉన్నారు, రెండు లీటర్లు పట్టేవారూ ఉన్నారు. మీ కొలతను మీరే తెలుసుకోండి. పందెం నాటి వేడి ఉన్న రోజున ఒక గంట పరుగెత్తి, ముందు, తర్వాత చెమట తుడుచుకుని బట్టలు లేకుండా బరువు చూసుకోండి. 60 కిలోలు 59.2 అయి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే, గంటకు మీకు పోయేది 1.1 లీటర్లు. 2 గంటల 20 నిమిషాల పందెంలో ఇది సుమారు 2.6 లీటర్లు అవుతుంది. పోయినదంతా పరుగులోనే తాగి పూడ్చనక్కరలేదు, పూడ్చలేరు కూడా. బరువులో 2 శాతం, అంటే 1.2 కిలోలు తగ్గినా ఫరవాలేదనుకుంటే, తాగవలసింది మొత్తం మీద 1.4 లీటర్లు, అంటే గంటకు సుమారు 600 మిల్లీలీటర్లు. దీనిని పై హద్దుగా ఉంచుకుని లోపల దాహాన్ని బట్టి తాగండి. ఎగువ వాలు మధ్యలో ఆయాసంతో గుక్కలు మింగడం కంటే వాలు మొదలయ్యే ముందో, పైకి చేరాకో తాగడం మేలు.

ఉప్పు బిళ్లలు అతిగా తాగిన నీటికి విరుగుడు కావు. చెమటలో ఉప్పు ఎక్కువ పోయేవారికి, టోపీ మీద తెల్లని చారలు కట్టేవారికి సోడియం కలిసిన పానీయం ఉపయోగమే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం జెల్ రూపంలోనో, పానీయం రూపంలోనో చాలు. ఎండలో పేగులకు రక్తం తగ్గుతుంది కాబట్టి సాధనలో వాడి చూడని జెల్‌ను పందెం రోజున నోట పెట్టవద్దు.

ప్రశ్న: ఎక్కడం నాకు కష్టం కాదు. దిగిన తర్వాత రెండు రోజులు తొడలు పట్టేసి మెట్లు కూడా దిగలేకపోతున్నాను. ఎందుకు?

సమాధానం: ఎక్కేటప్పుడు కండరం కుదించుకుంటూ పని చేస్తుంది, దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూ, అదే సమయంలో బిగబట్టి మీ బరువుకు బ్రేకు వేస్తుంది. ఈ రెండో రకం పనిలో ఆయాసం తక్కువ, కండరపు పోగులకు జరిగే నష్టం ఎక్కువ. నొప్పి ఆ క్షణంలో కాకుండా మరునాడు, ఆ మరునాడు ముదరడం కూడా దీని లక్షణమే.

దీనికి ఉన్న మందు ఆశ్చర్యంగా తేలికైనది. ఒక్కసారి దిగువ పరుగు సాధన చేసి, నొప్పి తగ్గేదాకా కోలుకుంటే, తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి కండరం చాలా తక్కువ దెబ్బతింటుంది. పందేనికి మూడు వారాల ముందు ఒకసారి, పది, పన్నెండు రోజుల ముందు ఇంకోసారి, 15 నుంచి 20 నిమిషాలు దిగువ వాలులో పరుగెత్తండి. ఆఖరి వారంలో మాత్రం వద్దు. పందెంలో దిగేటప్పుడు వెనక్కి వాలి మడమలతో నేలను తన్నడం మానండి. అంగలు చిన్నవి, అడుగులు త్వరత్వరగా, మోకాళ్లు కాస్త వంగి, చూపు కొన్ని అడుగుల ముందు ఉండాలి.

ప్రశ్న: తల మీద నీళ్లు పోసుకోవడం మంచిదా? ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

సమాధానం: మంచిదే. మీ ఒంటి నీరు ఖర్చు కాకుండా ఆవిరయ్యే నీరు అది. గాలి పొడిగా ఉన్నప్పుడు లాభం ఎక్కువ, ఉక్కపోతలో తక్కువ. ఒక్క జాగ్రత్త: హాయిగా అనిపించినంత మాత్రాన శరీరం లోపలి వేడి తగ్గినట్లు కాదు, కనుక ఆ హాయిని చూసి వేగం పెంచవద్దు. మేజోళ్లు తడిస్తే బొబ్బలు వస్తాయి, ముందుకు వంగి పోసుకోండి. బట్టలు లేత రంగులో, వదులుగా, గాలి ఆడేటట్లు ఉంటే చాలు.

ప్రశ్న: పందేనికి ముందు పారాసిటమాల్ వేసుకుంటే ఒళ్లు వేడెక్కదని విన్నాను. నిజమేనా?

సమాధానం: దానిని నమ్ముకుని పరుగెత్తకండి. జ్వరంలో మెదడే ఉష్ణోగ్రత హద్దును పైకి జరుపుతుంది, మాత్ర దానిని కిందికి తెస్తుంది. పరుగులో హద్దు మారదు, వేడి పుట్టేంత వేగంగా బయటికి పోదు, అంతే. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇంకా ప్రమాదం. నీరు తగ్గిన ఒంట్లో అవి మూత్రపిండాలకు అందే రక్తాన్ని తగ్గిస్తాయి. వారం లోపల జ్వరం గాని విరేచనాలు గాని వచ్చి ఉంటే మాత్ర వేసుకుని పరుగెత్తాలని చూడకుండా, ఆ పందేన్ని వదులుకోండి.

ప్రశ్న: నా వయసు 58. రక్తపోటుకు మందులు వాడుతున్నాను. క్రమం తప్పకుండా పరుగెత్తుతాను. వేసవి పందెంలో పాల్గొనవచ్చునా?

సమాధానం: మందు పేరు తెలియకుండా అవునని గాని కాదని గాని చెప్పడం బాధ్యత అనిపించుకోదు. మూత్రాన్ని పెంచే మందులు ఒంట్లోని నీటిని, ఉప్పును తగ్గిస్తాయి; బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని, చర్మానికి చేరే రక్తాన్ని అదుపులో ఉంచుతాయి, వాటిని వాడేవారికి గుండె వేగపు గడియారం లెక్క పనికిరాదు. వయసు పెరిగేకొద్దీ చెమట, దాహం రెండూ మందగిస్తాయి. మీ వైద్యుడిని కలిసినప్పుడు "పరుగెత్తవచ్చా" అని కాక, "రెండున్నర గంటల సేపు ఎండలో, కొండదారిలో పరుగెత్తవచ్చా" అని అడగండి. సమాధానం వేరుగా ఉండవచ్చు. మందును మీ అంతట మీరు ఆపవద్దు.

ప్రశ్న: నేను పరుగెత్తను, గమ్యం దగ్గర స్వచ్ఛందంగా సాయం చేస్తాను. కూలబడినవారిలో ఎవరికి వడదెబ్బ తగిలిందో, ఎవరు కేవలం అలసిపోయారో ఎలా పోల్చుకోవాలి?

సమాధానం: ఈ ప్రశ్న పరుగెత్తేవారు కూడా అడగవలసినది.

గీత దాటి ఆగిన తర్వాత కూలబడేవారిలో ఎక్కువమందిది ప్రమాదకరమైన స్థితి కాదు. పరుగులో పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోడుతూ ఉంటాయి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి, రక్తపోటు పడిపోయి, తల తిరుగుతుంది. అలాంటివారిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే కొద్ది నిమిషాలలో తేరుకుంటారు, మాట స్పష్టంగా ఉంటుంది. గమ్యం చేరినవారిని నిలబడనివ్వకుండా నడిపించడం మీరు చేయగల మొదటి మేలు.

గీతకు ముందే పడిపోయినవారిని, తూలుతున్నవారిని, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెప్పేవారిని, కారణం లేకుండా కోపగించుకునేవారిని మాత్రం వేరుగా చూడాలి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మెదడు పనితీరు దెబ్బతింటే అది వడదెబ్బ. చెమట ఆగిపోయి చర్మం పొడిబారితేనే వడదెబ్బ అన్న నమ్మకం పరుగు విషయంలో తప్పు దారి పట్టిస్తుంది. పరుగెత్తేవారికి ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే అది వస్తుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో, మొట్టమొదటి మహిళల ఒలింపిక్ మారథాన్‌లో, స్విట్జర్లాండ్‌కు చెందిన గాబ్రియేలా ఆండర్సన్ షీస్ తూలుతూ స్టేడియంలోకి వచ్చినప్పుడు, ఆమెకు చెమట పడుతున్నదని గమనించి వైద్యులు ఆపకుండా పోనిచ్చారు. ఆమె 37వ స్థానంలో గీత దాటి కూలబడ్డారు, త్వరగానే కోలుకున్నారు. నేటి స్వచ్ఛంద సేవకులు ఆ నిర్ణయాన్ని ఆదర్శంగా తీసుకోకూడదు. ఉష్ణోగ్రతను కూడా చంకలో, నోటిలో, నుదుటి మీద చూసి నిశ్చింతగా ఉండవద్దు. ఈ స్థితిలో నమ్మదగినది మలద్వారం ద్వారా వైద్య సిబ్బంది చూసే కొలత ఒక్కటే.

వడదెబ్బ అని అనుమానం కలిగితే ముందు చల్లబరచాలి, ఆసుపత్రికి ఆ తర్వాత. మెడ వరకు ఐసు నీళ్ల తొట్టెలో ముంచి, తల మునగకుండా ఒకరు చంకల కింద పట్టుకుని, నీటిని కలుపుతూ ఉండాలి. తొట్టె లేకపోతే ఐసు నీటిలో ముంచిన తువ్వాళ్లను ఒళ్లంతా కప్పి, రెండు, మూడు నిమిషాలకు ఒకసారి మార్చుతూ, గాలి విసరాలి. అరగంటలోపు ఉష్ణోగ్రతను 39 డిగ్రీల లోపుకు తేగలిగితే ప్రాణం దక్కే అవకాశం చాలా ఎక్కువ. స్పృహ సరిగా లేనివారి నోట నీళ్లు పోయవద్దు. పందెం ముందురోజే నిర్వాహకులను మూడు సంగతులు అడిగి ఉంచుకోండి: తొట్టె ఎక్కడ ఉంది, ఐసు ఎంత ఉంది, తొట్టెలో ముంచాలన్న నిర్ణయం ఎవరిది.